మాణిక్యం ముడి

ఇన్నేళ్ళుగా నన్ను వదలని సందేహం ఒకటుంది. ఆ కార్తికంలో మా అక్క మాణిక్యమ్మను బతికించింది అనంత పద్మనాభస్వామి దయా, లేక నా కుడిచేతికి ఆవిడ కట్టిన తోరం బిగువా? రోజూ దీపం వెలిగించేటప్పుడు ఈ ప్రశ్న వస్తుంది. దేవుడి ముందు నిలబడి దేవుణ్ణే అనుమానించడం తప్పేమోనని కాసేపు భయపడతాను. ఆయన ముందు కాకపోతే ఇంకెవరి ముందు అడుగుతానని మళ్ళీ నాకు నేనే సర్దిచెప్పుకుంటాను.

నేను పెద్ద చదువులు చదివినవాణ్ణి కాను. విజయనగరంలో గంటస్తంభం దగ్గర మాది పూజాసామాను దుకాణం. ఇంటరు తప్పి, నాన్న పక్కన కొట్లో కూర్చున్నవాణ్ణి అలాగే ఉండిపోయాను. కాబట్టి ఇందులో డాక్టర్ల సంగతులు నాకు అర్థమైన మాటల్లోనే చెబుతాను.

మా అక్కకు ఏ చెడు అలవాటూ లేదు. కాఫీ కూడా పండగలకే తాగేది. అయినా ఆవిడ కాలేయం పాడైపోయింది. పుట్టుకతోనే ఒంట్లో దాక్కున్న జబ్బు అన్నారు. కళ్ళు పసుపు పులుముకున్నట్టయ్యాయి, కాళ్ళు నీరు పట్టాయి, చేతులు వణికేవి. బావ ఎప్పుడో పోయాడు. ఒక్కడే కొడుకు దివాకరం, కరెంటాఫీసులో ఉద్యోగం. తన కాలేయంలో సగం పైగా తల్లికి ఇస్తానన్నాడు. అడిగి ఒప్పించవలసిన పని లేకుండా, మంచినీళ్ళు ఇస్తానన్నంత తేలిగ్గా అన్నాడు. నా మేనల్లుడని ఆ రోజు కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పుకున్నాను.

విశాఖపట్నంలో ఆపరేషను చేసే డాక్టరు పైడిరాజు గారు మా జిల్లావాడే. ఆసుపత్రి క్యాంటీనులో మమ్మల్ని కూర్చోబెట్టి, ప్లేటులో ఒక ఇడ్లీ పెట్టి, దానిమీద గరిటెడు సాంబారు పోశాడు.

"చూడండి చలపతిగారూ. సాంబారు లోపలికెళ్ళిపోయింది. బయటికి దారి లేదు. ఏమవుతోంది?"

"ఉబ్బుతోందండీ."

ఇంకో గరిటె పోశాడు. ఇడ్లీ విచ్చిపోయింది.

"కాలేయం కూడా ఇంతే. నెత్తురు లోపలికి పంపించడం మాకు బాగానే వచ్చు. బయటికి రప్పించడమే కష్టం. పసిపిల్లలకైతే చిన్న ముక్క చాలు. పెద్దవాళ్ళకి సగం పైగా కావాలి. ఆ సగంలో ముందు భాగం నెత్తురుని బయటికి మోసే సిర, ఇచ్చినవాళ్ళ ఒంట్లోనే ఉండిపోతుంది. దాని బదులు మేమొక గొట్టం పెట్టి, గుండెకి పోయే మహాసిరలో కలపాలి. ప్లాస్టిక్ గొట్టం పెడితే పూడుకుపోతోంది. కాళ్ళ సిరలు ముక్కలుగా తెచ్చి కుడితే, అతుకుల దగ్గర మడతపడుతోంది. మడతపడితే..." అని ఇడ్లీ వైపు చూపించాడు.

ఆయన పక్కన కూర్చున్నావిడ డాక్టర్ ఎస్తేరు. పక్క భవనంలో పరిశోధనశాల ఆవిడది. మనిషి ఒంట్లోనే నాటి పెంచే మొలకసిరను కనిపెట్టింది ఆవిడే.

"యంత్రంలో ఎన్నో సిరలు పెంచానండి," అందావిడ. "చూడ్డానికి బాగుంటాయి. ఒంట్లో పెట్టగానే మెత్తబడి అణిగిపోతాయి. గుండె కొట్టుకునే ఉరవడికి అలవాటుపడుతూ పెరిగిన సిరే నిలబడుతుంది. అందుకే మనిషి చేతిలో నాటుతున్నాం. రక్తసంబంధం ఉండి, పరీక్షల్లో కలిసిన మనిషి కావాలి."

ఆ పరీక్షల్లో కలిసింది నేను.

అక్క వార్డులో మంచమ్మీంచి లేచి కూర్చుంది. "వద్దు డాక్టరమ్మా. కొడుకు కడుపు కోయించుకుంటున్నాడు. ఇప్పుడు తమ్ముడి చెయ్యి కూడానేటి? ఇంటిల్లిపాదినీ కోసీసి నన్నొక్కదాన్నీ కుడతారేటి?"

"నీకు అరిసె బాకీ ఉన్నాను కదే అక్కా," అన్నాను.

ఆ కళ్ళతోనే నవ్వింది. ఆ బాకీ సంగతి చెప్పాలి. మా ఇంట్లో తరతరాలుగా అనంత వ్రతం ఉంది. భాద్రపదంలో చతుర్దశినాడు ఇరవై ఎనిమిది అరిసెలు నైవేద్యం పెట్టి, సగం వాయనమిచ్చి, సగం ఇంట్లోవాళ్ళం తింటాం. నాకు ఐదారేళ్ళప్పుడు నా అరిసెను కాకి ఎత్తుకుపోయింది. వీధి అరుగుమీద దొర్లి ఏడుస్తుంటే, అక్క ఇంకా కొరకని తన అరిసె నా చేతిలో పెట్టి, "ఇది అప్పురా. తిరిగిచ్చీయాలి. నీ చేత్తో నువ్వే చేసిన అరిసి కావాల," అంది. వంటింటి గడప దాటని మగపిల్లాడు అరిసె ఎప్పుడు చేస్తాడు? అదే ఆవిడ వేళాకోళం. నా పెళ్ళిలో పీటలమీద అడిగింది. నాకు కూతురు పుడితే చూడ్డానికొచ్చి, ఉయ్యాల ఊపుతూ అడిగింది. జుట్టు నెరిశాక కూడా మానలేదు.

"అరిసికి చెయ్యి ఇస్తావేట్రా, ఎర్రోడా," అంది అక్క. కానీ మరి వద్దనలేదు.

నాటే రోజు ఎస్తేరు గారు గాజుపళ్ళెంలో సన్నటి తెల్లని గొట్టం చూపించింది. సేమియా కంటే కొంచెం లావు. దేనితో చేశారని నా భార్య సుభద్ర అడిగింది.

"చేప పొలుసుల్లోంచి తీసిన పదార్థంతో అల్లామండి."

సుభద్ర ముఖం మాడిపోయింది. మాది ఉల్లిపాయ కూడా శనివారం ముట్టని ఇల్లు. "చేపేటండీ?"

"తినమనటం లేదండి, మొయ్యమంటున్నాను. కొన్ని వారాల్లో చేప పూర్తిగా కరిగిపోతుంది. ఆ అచ్చుమీద మీ ఆయన కణాలే అల్లుకుని, చివరికి ఆయనే మిగులుతారు."

నేను కూడా జంకాను. చక్రాల కుర్చీలో వచ్చిన అక్క తేల్చేసింది. "స్వామి మొదటి అవతారం చేపే కదేట్రా? వచ్చి నీ చేతిలో కూకున్నాడనుకో."

చిటికెన వేలి వైపు, మణికట్టు దగ్గర్నుంచి మోచేయి దాకా చర్మం కింద ఆ గొట్టాన్ని నాటారు. కింద ఒక ధమని కొమ్మకీ, పైన ఒక సిరకీ కలిపారు. నెత్తురు కింద నుంచి పైకి, గొట్టంలోంచి పరుగు మొదలుపెట్టింది. బరువులెత్తకూడదు. ఆ చెయ్యి కిందేసి పడుకోకూడదు. వాచీ, రాగి కడియం తీసేయమన్నారు, తీసేశాను. మణికట్టుకి ఆసుపత్రివాళ్ళ పట్టీ ఒకటి వేశారు. అది నాడినీ, వేడినీ ఎప్పటికప్పుడు ఎస్తేరు గారి పరిశోధనశాలకి పంపిస్తూ ఉంటుంది కాబట్టి, చెయ్యి చూపించడానికి మాటిమాటికీ రానక్కర్లేదన్నారు. చేతికి పల్చటి గుడ్డ తొడుగు.

వారం తిరిగేసరికి చెయ్యి పాడటం మొదలుపెట్టింది. నెత్తురు ఉరవడికి చర్మం కింద ఒక జుమ్ అనే శబ్దం. చెవి ఆనిస్తే తుమ్మెద తిరుగుతున్నట్టు వినపడేది. రోజూ వినమని ఎస్తేరు గారు సుభద్రకు చెప్పింది. తుమ్మెద ఉందంటే సిర బతికుందన్నమాట. సుభద్ర పొద్దున్నే తులసికి నీళ్ళు పోసి వచ్చి, నా చేతికి చెవి ఆనించేది. మా పెళ్ళయిన కొత్తలో కూడా నా మాట అంత శ్రద్ధగా వినలేదు.

నేను కొట్లో ఎడమచేత్తో కుంకుమ పొట్లాలు కడుతుంటే వచ్చినవాళ్ళు కొందరు చిన్నబుచ్చుకునేవాళ్ళు. పూజాసామాను ఎడమచేత్తో ఇస్తారా ఎవరైనా? అప్పుడు కుడిచెయ్యి చూపించి, "ఇందులో మా అక్క ప్రాణం పెరుగుతోందండీ," అనేవాణ్ణి. ఒక ముసలావిడ ఆ తొడుగుకే దణ్ణం పెట్టి వెళ్ళింది. గర్వంగా ఉండేది. కాదనను.

అంతలో వ్రతం వచ్చింది. మా ఇంట తోరం కట్టేది పురోహితుడు కాదు, ఆడపడుచు. పధ్నాలుగు ముళ్ళ ఎర్ర తోరం. మగవాళ్ళకి కుడిచేతికి కడితే, మళ్ళీ ఏడాది వ్రతం దాకా విప్పకూడదు. వ్రతకథలో తోరాన్ని నిప్పులో పారేసిన భర్త ఉన్నదంతా ఎలా పోగొట్టుకున్నాడో మా ఇంట్లో పిల్లలకి కూడా తెలుసు. అక్కను ఆ ఒక్కరోజుకీ ఇంటికి పంపించమని పైడిరాజు గారిని బతిమాలుకున్నాం. వచ్చింది. పీట మీద కూర్చోలేక మంచమ్మీదే కూర్చుంది. ఎప్పుడూ మణికట్టుకు కట్టేది. అక్కడ ఆసుపత్రి పట్టీ ఉండడంతో, దాన్ని ముట్టుకోకూడదని, నాలుగు వేళ్ళు పైకి, తొడుగు మీదే కట్టింది. నేను కళ్ళు మూసుకుని శ్లోకం చదువుతున్నాను. బిగువుగానే అనిపించింది. అక్క చేతిలో ఇంకా అంత బలం ఉందా అని సంతోషించాను కూడా.

దీపావళి వెళ్ళాక ఒకరోజు పొద్దున సుభద్ర చెవి ఆనించి, తీసి, మళ్ళీ ఆనించింది.

"ఏవండీ, తుమ్మెద పోయిందండీ."

"ఆగిపోయిందా?"

"ఆగలేదు. సన్నాయిలాగ కీచుమంటోంది."

మొదటి బస్సుకే విశాఖపట్నం వెళ్ళాం. ఎస్తేరు గారు తొడుగు తీయబోయి ఆగిపోయింది.

"ఇదేమిటి?"

"తోరం అమ్మా."

"ఎప్పుడు కట్టారు?"

"అనంత చతుర్దశికి."

"వాచీ తీయమన్నాం. కడియం తీయమన్నాం."

"తీసేశాను కదమ్మా."

"మరి ఇది?"

"ఇది తోరం కదమ్మా," అన్నాను మళ్ళీ.

ఆవిడ కుర్చీలో కూలబడింది. నేనేమీ దాచలేదు. తోరం కట్టుకున్న మర్నాటినుంచి అది మాకు ఒంటిమీద ఉన్న వస్తువు కాదు, ఒళ్ళే. పుట్టుమచ్చ తీసేసి రమ్మని ఎవరూ అనరు కదా. ఇది ఆవిడకి ఎలా చెప్పాలో తెలియలేదు. ఆవిడే చెప్పింది.

"మా అమ్మమ్మని మెడలో సిలువ తీయమంటే ఎక్స్‌రే తీయించుకోకుండానే ఇంటికొచ్చేసింది. మిమ్మల్ని ఏమనగలను? అడగవలసింది నేను."

తెరమీద నా సిర కనిపించింది. తోరం ఉన్నచోట నడుం కట్టినట్టు నొక్కుకుపోయి ఉంది. చర్మం మామూలుగానే ఉంది కానీ, లేత సిర ఆ బిగువుకి తగ్గట్టు సన్నగానే పెరిగింది.

తోరం విప్పాలి. సుభద్ర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వ్రతకథ ఆవిడ కళ్ళలో కనపడుతోంది. వార్డులో అక్క దగ్గరకి వెళ్ళాం.

"నేను కట్టింది నేనే విప్పుతాను," అంది అక్క. గోళ్ళతో ముడి పట్టుకుంది. ముడి రాలేదు. చాలాసేపు పెనుగులాడి, "కత్తిరించీండి," అని మొహం అటు తిప్పుకుంది. తరవాత సుభద్రతో, "పారీడం లేదు కదే. భరిణెలో కుంకం మీద పెట్టు. నేను లెగిసొచ్చి మళ్ళీ కడతాను. ఈసారి కొత్తదేటీ అక్కర్లేదు, ముడేసి అదే కడతాను," అంది.

తోరం తీశాక కూడా సిర నడుం విచ్చుకోలేదు. మూడు రోజులు చూశారు. సన్నాయి మాత్రం పోలేదు. ఇటు అక్కకి మగత మొదలైంది. పేరు పెట్టి పిలిస్తే ఆలస్యంగా పలికేది. మరో సిర నాటి పెంచేదాకా ఆవిడ ఉండదని ఎవరూ పైకి అనలేదు. దివాకరం మాత్రం ఆసుపత్రి మెట్లమీద నా పక్కన కూర్చుని, "మావయ్యా, నేను కడుపు రెడీ చేసుకుని కూకున్నాను. దారే లేదా?" అన్నాడు. ఆ మాటకి నేను చెయ్యి దాచుకున్నాను.

మర్నాడు మమ్మల్ని పరిశోధనశాలకి పిలిచారు. ఎస్తేరు గారి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పైడిరాజు గారు తెర ముందు నిలబడి, బొమ్మను అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"మీరందరూ నడుమునే చూస్తున్నారు," అన్నాడాయన. "నడుం దాటాక ఏముందో చూడండి."

చూశాం. నొక్కుకుపోయిన చోటినుంచి మోచేయి వైపు సిర వెడల్పవుతూ పోయింది. సన్న సందులోంచి దూసుకొచ్చిన నెత్తురు పోటుకి, అవతల గోడలు సాగి, సన్నాయి చివర ఉండే గిన్నెలా విచ్చుకున్నాయి.

"ఎస్తేరూ, మహాసిరకి అతకడానికి నాకు ఎలాంటి నోరు కావాలి?"

ఆవిడ తెరకు దగ్గరగా వెళ్ళింది.

"ఇలాంటి నోటికోసం నేను మూడు నాలుగు ముక్కలు కలిపి కుడుతున్నాను ఇన్నాళ్ళూ," అన్నాడాయన. "అతుకు లేకుండా దానంతటదే పెరిగింది. సన్నటి చివర కాలేయం సిరకి, గిన్నె మహాసిరకి. మడతపడమన్నా పడదు."

"నడుముని కోసి పారేస్తే పొడుగు చాలదు," అంది ఎస్తేరు గారు. ఆవిడ సంతోషపడటం లేదు. "పొడుగు కావాలంటే మోచేతి దాకా తీయాలి. అక్కడ చూడండి. సిర సాగినచోట స్పర్శ నరం దాన్ని చుట్టుకుపోయింది. విడదీయలేను." నా వైపు తిరిగింది. "చలపతిగారూ, మీకు ఉంగరపు వేలు, చిటికెన వేలు మొద్దుబారిపోవచ్చు. పట్టు కూడా తగ్గొచ్చు. మళ్ళీ రాకపోవచ్చు. ఆలోచించుకుని చెప్పండి."

ఉంగరపు వేలు. దేవుడికి బొట్టు పెట్టే వేలు. కుంకుమ ఎంత అంటిందో, చందనం ఎంత చల్లగా ఉందో నాకు తెలిసేది ఆ వేలితోనే. మా నాన్న నా వేలు పట్టుకుని స్వామి నుదుట మొదటి బొట్టు పెట్టించాడు. ఆలోచించలేదని అబద్ధం చెప్పను. గోడకున్న గడియారం చప్పుడు వింటూ కాసేపు ఉన్నాను. అంతలో సుభద్ర నెమ్మదిగా, "స్వామికి బొట్టు నేను పెడతానండీ," అంది.

"తీసుకోండమ్మా," అన్నాను.

నాకు చెయ్యి మాత్రమే మొద్దుబారేలా సూది వేశారు. ఆకుపచ్చ తెర అవతల ఎస్తేరు గారు పనిచేస్తోంది. పక్క గదిలో అక్క, ఆ పక్క గదిలో దివాకరం. మా ముగ్గురం ఒకే వరసలో పడుకున్నామన్న ఆలోచనకి నాకెందుకో ధైర్యం వచ్చింది.

"చూస్తారా?" అని ఆవిడ స్టీలు గిన్నె నా కళ్ళముందు పెట్టింది.

ఉప్పునీళ్ళలో నా సిర. లేత గులాబీ రంగు. ఒక చివర సన్నగా, ఒక చివర విచ్చుకుని ఉంది. నీళ్ళలో అది మెల్లగా ముడుచుకుని మళ్ళీ తెరుచుకుంది, చేయి వదిలి వచ్చినా గుండె ఇంకా జ్ఞాపకం ఉన్నట్టు. ఇందులో చేప ఎక్కడుంది, నేనెక్కడున్నాను, స్వామి ఎక్కడున్నాడు? దణ్ణం పెడదామంటే కుడిచెయ్యి లేదు. కళ్ళతోనే పెట్టాను.

నర్సు గిన్నె పట్టుకుని పక్క గదిలోకి వెళ్ళింది. ఎస్తేరు గారు నా చెయ్యి కుడుతూ, పక్క గది మాటలు వినిపించే పెట్టె మీట నొక్కింది. చాలాసేపు పైడిరాజు గారి పొడి మాటలే. దారం. పట్టుకో. ఇంకో కుట్టు. తరవాత, "నోరు సరిపోయింది," అన్నాడు. ఎస్తేరు గారి సూది ఆగింది.

"వదలండి."

నెత్తురు వదిలారు. నేను అనంతా, అనంతా అనుకుంటున్నాను. ఎవరో కుర్రడాక్టరు గొంతు, "సార్, ముందు భాగం నల్లబడుతోంది," అంది.

ఇడ్లీ నా కళ్ళముందు విచ్చుకుంది.

"తెలుసు. కంగారు పడకండి. కాలేయం పక్కకి వాలింది, గిన్నె మీద బరువు పడుతోంది. కొద్దిగా ఎత్తు. ఇంకొంచెం. ఇటు తిప్పు. అలాగే పట్టుకో."

ఎస్తేరు గారి పెదవులు ముసుగు కింద కదులుతున్నాయి. ఆవిడా ఎవర్నో పిలుస్తోంది.

"రంగు తిరుగుతోంది," అంది అదే కుర్రగొంతు. "సార్, సార్, మొత్తం ఎర్రబడింది!"

"ఎస్తేరూ," అన్నాడు పైడిరాజు గారు, "మీ సన్నాయి పలికింది."

ఆవిడ ఏడవడం మొదలుపెట్టింది. నిలబడి, రెండు చేతులూ ఎత్తి పట్టుకుని ఏడుస్తోంది.

"డాక్టరమ్మా," అన్నాను కాసేపాగి, "నా చెయ్యి ఇంకా తెరిచే ఉంది."

"అయ్యో, క్షమించండి!" అని నవ్వుతూ, ఏడుస్తూ మళ్ళీ కూర్చుంది.

అక్క మూడోరోజు కళ్ళు తెరిచింది. కళ్ళలో పసుపు పలచబడుతోంది. నా కట్టు చూసి, దివాకరం ఎలా ఉన్నాడని అడిగి, తరవాత ఇంకేమీ తోచక కాబోలు కన్నీళ్ళు పెట్టుకుంది. నవ్విద్దామని, "అరిసె బాకీ తీరినట్టేనా అక్కా?" అన్నాను.

"ఎలా తీరుతాదిరా? అదీ ఇదీ ఒకటేటి? నరానికి నరం, అరిసికి అరిసి," అంది.

తరవాత ఎస్తేరు గారు ఆ బిగువును మళ్ళీ మళ్ళీ పరీక్షించింది. ఎంత నొక్కాలి, ఎప్పుడు నొక్కాలి, ఎప్పుడు వదలాలి అని కొలిచి, మెత్తటి రబ్బరు వలయం ఒకటి చేసింది. చేతిలో సిర నాటిన కొన్నాళ్ళకి అది తొడుగుతారు. దానికి డాక్టర్లు ఏవో ఇంగ్లీషు పేర్లు చెబితే ఒప్పుకోలేదు. "మాణిక్యం ముడి" అని పెట్టింది. ఇప్పుడు ఎక్కడెక్కడి దేశాల డాక్టర్లో నోరు తిరగకపోయినా ఆ మాటే అంటారట. ఒకసారి పైడిరాజు గారు ఫోనులో వినిపించాడు. ఎవరో దొర "మానిక్కం మూడీ" అంటుంటే అక్క చెంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఆ నవ్వులో ఎంత గర్వముందో నాకు తెలుసు. నాకూ అంతే ఉంది.

నాకు ఆ రెండు వేళ్ళూ తిరిగి రాలేదు. పట్టు కొంత వచ్చింది, స్పర్శ రాలేదు. ఇప్పుడు బొట్టు పెట్టేటప్పుడు కుంకుమ అంటిందో లేదో కళ్ళతో చూసుకోవాలి. చెయ్యి ఇవ్వబోయేవాళ్ళని ఎస్తేరు గారు అప్పుడప్పుడు నా దగ్గరకి పంపిస్తుంది. గొప్పలే చెప్పి పంపిస్తానని ఆవిడ భయపడలేదు. నేను వాళ్ళకి ముందు సిర గురించి కాదు, వేళ్ళ గురించి చెబుతాను. ఇప్పుడు నరాన్ని తప్పించే దారి చాలామందికి దొరుకుతోంది, అందరికీ దొరకడం లేదు. ఒకసారి బొబ్బిలి నుంచి ఒక సన్నాయి విద్వాంసుడు వచ్చాడు, తమ్ముడికోసం. ఆయన వేళ్ళు చూసి, "మీరు వద్దండీ," అన్నాను. "తమ్ముడికంటే సన్నాయి ఎక్కువా?" అని కోప్పడి వెళ్ళాడు. ఇచ్చాడు. తమ్ముడు బతికాడు. ఆయన ఇప్పుడు వాయించడం లేదు, పిల్లలకి నోటితో పాడి నేర్పుతున్నాడు. నేను వద్దనడం ఒప్పో, ఆయన ఇవ్వడం ఒప్పో నాకు తెలియదు. దీపం దగ్గర ఇది రెండో ప్రశ్న.

ఇక ఈ ఏటి వ్రతం సంగతి. ఆపరేషను తరవాత వాడే మందులకి అక్క ఒంట్లో చక్కెర పెరిగి, ఇన్నేళ్ళూ తీపి ముట్టలేదు. నైవేద్యం అరిసెలు కళ్ళకద్దుకుని వాయనమిచ్చేసేది. నా బాకీ మాట కూడా ఎత్తడం మానేసింది. అడిగితే నా వేళ్ళ సంగతి గుర్తుచేసినట్టవుతుందని కాబోలు. ఈ ఏడు మందులు తగ్గించారు. పరీక్షలు చూసి పైడిరాజు గారు, "ఒక్క అరిసె తినండమ్మా, ఒక్కటే," అన్నాడు.

ఆ పొద్దున స్నానం చేసి, మడి కట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను.

"పెళ్ళయిన ఇన్నాళ్ళకి గుమ్మం కనపడిందండీ?" అంది సుభద్ర. కానీ పొయ్యి వదిలి పక్కకి జరిగింది. తడిపిండి ఆవిడే పట్టి ఉంచింది. బెల్లం పాకం నేనే పట్టాను. నీళ్ళలో వేస్తే ఉండకట్టిందాకా గరిటె వదల్లేదు. అరటాకుకి నెయ్యి రాసి, పిండి ముద్ద పెట్టి, కుడిచేతి వేళ్ళతో ఒత్తడం మొదలుపెట్టాను.

అక్క గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది. జుట్టు పూర్తిగా తెల్లబడినా ముఖం నిండుగా ఉంది. ఎన్నాళ్ళనుంచో అడగాలనుకున్నది అప్పుడు అడిగాను.

"అక్కా, ఆ ఏడు తోరం అంత బిగువుగా ఎలా కట్టావే? ఏ దేవుడైనా చెప్పాడా?"

అక్క సుభద్ర వైపు చూసింది, పూజగది వైపు చూసింది. గొంతు తగ్గించింది.

"దేవుడేటి చెప్తాడ్రా? చేతులొణికిపోతున్నాయి. ముడి పడటం లేదు. నేను కట్టింది జారిపోతే నీకేటవుతాదో అని భయమేసింది. నువ్వు కళ్ళు మూసుకున్నావు కదా అని..." ఆగింది. "పంటితో లాగీసి బిగించాను."

సుభద్ర చేతిలో గరిటె ఆగిపోయింది. ఎంగిలి. అనంతుడి తోరం ఎంగిలి చేసింది మా అక్క. ఆచారం ప్రకారం అది తోరమే కాదు.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"చెప్తే నువ్వు అప్పుడే విప్పీసి కొత్తది కట్టించుకుందువు. మడోడివి కదా." తల వంచుకుంది. "స్వామికి రోజూ చెప్పుకుంటున్నాన్రా. ఒప్పుకున్నాడో లేదో మరి తెలీదు."

నేను పూజగది వైపు చూశాను. దీపం ఎప్పటిలాగే వెలుగుతోంది. ఇన్నేళ్ళూ నేను ఒక ప్రశ్న పట్టుకుని అక్కడ నిలబడితే, అదే దీపం ముందు అక్క ఇంకో ప్రశ్న పట్టుకుని నిలబడిందన్నమాట. ఆ ఎంగిలి ముడిని స్వామి తోసిపుచ్చి ఉంటే ఈ గుమ్మంలో ఈ మనిషి కూర్చుని ఉండేది కాదు. నాకు తెలిసింది అంతవరకే. నా సందేహం తీరిందని చెప్పను. దాన్ని చూసి భయపడటం మాత్రం ఆ పొద్దుటితో మానేశాను.

"ఒప్పుకున్నాడులే అక్కా," అన్నాను.

అరిసె నేతిలో వేశాను. పొంగి, ఎర్రబడింది. చెక్కల మధ్య నొక్కి, నెయ్యి ఓడ్చి, మొదటివన్నీ స్వామికి పెట్టాం. పూజయ్యాక, నా చేత్తో ఒత్తినవాటిలో ఒకటి ఆకులో పెట్టి, అక్క ముందు కూర్చుని రెండు చేతులతో ఇచ్చాను.

తిప్పి చూసింది. ఒక పక్క పల్చగా, వేళ్ళ ముద్రలతో బాగానే ఉంది. రెండో పక్క మందంగా ఉండిపోయింది.

"ఈ పక్క ఒత్తలేదేట్రా?"

"ఒత్తాననే అనుకున్నానక్కా. ఆ రెండు వేళ్ళకీ తెలియలేదు."

అక్క అరిసెను మెల్లగా తిప్పింది. మందంగా ఉన్న ఆ పక్కనే ముందు కొరికింది. కళ్ళు మూసుకుని నమిలింది. నమలడం అయిందాకా మేమెవరం కదల్లేదు.

"చెల్లిందిరా," అంది.